సమస్యాపూరణం: "పొద్దు పొడిచి కూడ పొద్దు లేదు"

గిలకబావి: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, పైన మూడు పాదాలు మీరు రాసి పూరించాలి. పూరణకి బొమ్మ ఒకటి ఇస్తున్నా, ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మోనె వేసిన 'ఇంప్రెషన్, సన్‌రైజ్'. ఫ్రాన్స్‌లో లె హావ్ర్ రేవు, తెల్లవారుజాము, నీలం బూడిద కలిసిన మంచు, వెనకాల ఓడల స్తంభాలు, పొగ, ముందు రెండు మూడు చిన్న పడవలు, మధ్యలో నారింజ రంగు చుక్క. అంతే బొమ్మ. సైజు కూడా 48 × 63 సెంటీమీటర్లే, మన గోడ క్యాలెండర్ అంత. 1874లో ప్యారిస్‌లో ఎగ్జిబిషన్‌కి పెడితే లూయీ లెరోయ్ అనే విమర్శకుడు దీనికన్నా గోడకి అంటించే కాగితానికే ఎక్కువ ఫినిషింగ్ ఉందన్నట్టు ఎగతాళి చేశాడు, ఆ వెక్కిరింతలోంచే ఆ చిత్రకారుల బృందానికి ఇంప్రెషనిస్టులు అనే పేరు నిలబడిపోయింది. కానివ్వండి.

చిల్లపెంకు: మొదటి బోణీ నాదే.

రంగు తీసి చూడ రవిబింబ మేదిరా
మింటి వెలుగు దాని మేని వెలుగు
సమము గాగ మిగిలె చారెడు బూడిదే
పొద్దు పొడిచి కూడ పొద్దు లేదు

నమ్మకపోతే బొమ్మని ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి, సూర్యుడు దాదాపు మాయం. మార్గరెట్ లివింగ్‌స్టన్ అని హార్వర్డ్ సైంటిస్ట్ చెప్పిన సంగతే ఇది, ఆ నారింజకీ చుట్టూ ఉన్న ఆకాశానికీ రంగులో తేడా ఉంది గానీ వెలుగులో తేడా లేదు, మెదడులో రంగు చూసే భాగానికి సూర్యుడు కనిపిస్తాడు, వెలుగు తేడాలతో చోటు పోల్చుకునే భాగానికి కనిపించడు, అందుకే అక్కడ కుదురుగా ఉండక అదురుతున్నట్టు ఉంటాడు.

యతిమైత్రి: ఇప్పుడే చేసి చూశా, వామ్మో, నిజంగానే లేడు! పద్యంలో "వెలుగు" రెండుసార్లు వాడటం పునరుక్తి అందామనుకున్నా, కానీ తక్కెట్లో రెండు పక్కలా ఒకే తూకం పెట్టినట్టుంది, ఒప్పుకున్నా. యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో జోడీ) బాగున్నాయి, స–చా కూడా చెల్లుతుంది.

ఊరపిచ్చుక: నేను కొత్త, తిట్టకండి.

ఓడలన్ని పొగను ఊదుతుంటే చూడు
నారింజ పండు నీట తేలె
చూడ చూడ నద్ది సున్నయై పోయెరా
పొద్దు పొడిచి కూడ పొద్దు లేదు

యతిమైత్రి: తిట్టేదేముంది, మూడో పాదం నాకన్నా బాగా రాశావు, గుండ్రటి సూర్యుడు గుండ్రటి సున్నా అవ్వడం. మొదటి పాదంలో "పొగను ఊదు" అని సంధి చెయ్యకుండా వదిలేశావు, చేస్తే "పొగనూదు" అయ్యి గణం పోతుంది. "ఓడలన్ని కలసి యూదిన పొగలోన" అను, సరిపోతుంది. రెండోదాన్లో "నారింజ" దగ్గరే కుంటింది, అక్కడ సూర్యగణం (గురువు–లఘువు, లేదా మూడు లఘువులు) కావాలి, నువ్వు రెండు గురువులతో మొదలెట్టావు. "నీటిమీద తేలె నిమ్మపండు" అంటే గణాలూ యతీ రెండూ కుదురుతాయి.

చిల్లపెంకు: ఛందస్సు కోసం పండు మార్చేస్తారా అండీ 😂 నిమ్మపండు పసుపు. బొమ్మంతా ఆ ఒక్క నారింజ చుక్క మీదే కదా నిలబడింది!

గిలకబావి: "కమల పండు తేలె కడలిమీద". కమలాపండన్నా నారింజే, పైగా సూర్యుడు కమలబంధువు. పిచ్చుకా, ఇది ఉంచుకో.

ఊరపిచ్చుక: అయ్యబాబోయ్, నాకు తట్టనే లేదు. ఉంచుకుంటున్నా గురువుగారూ.

తాబేలుబండి: లేటయ్యింది, "పొద్దు"ని వేరే అర్థంలో పట్టుకున్నా.

కిటికి యొద్ద నిలిచి గీయబోవగ మోనె
మంచు కరగె రంగు మారె నంత
తుడిచి దిద్దుకొనగ దొరకునా నిమిసమ్ము
పొద్దు పొడిచి కూడ పొద్దు లేదు

మొదటి పొద్దు సూర్యుడు, రెండోది వ్యవధి.

యతిమైత్రి: విరుపు అదిరింది. ఒక్క ఆక్షేపణ, బొమ్మలో మంచు ఉందిగా, మీరేమో కరిగించేశారు?

తాబేలుబండి: బొమ్మలో ఉండిపోయింది, రేవులో కరిగిపోయింది, అదే నా బాధ. ఆ కిటికీ కూడా కల్పన కాదు, రేవుకి ఎదురుగా తను దిగిన హోటల్ గదిలోంచే వేశాడు. ఈమధ్య డొనాల్డ్ ఓల్సన్ అని ఖగోళశాస్త్రవేత్త ఆటుపోట్లూ సూర్యుడి ఎత్తూ గాలివాటమూ లెక్కగట్టి 1872 నవంబరు 13, ఉదయం 7:35 ప్రాంతం అని తేల్చాడు. అంటే లెక్కకి దొరికింది ఒక్క నిమిషం. ఆ బ్రష్ గీతలు చూడండి, నీళ్ళలో నీడకి నాలుగు అడ్డగీతలు కొట్టి వదిలేశాడు, అరగంట ఆగితే అది వేరే బొమ్మ.

చిల్లపెంకు: ఫినిషింగ్ లేదని లెరోయ్ ఏడ్చింది అందుకేనన్నమాట. నా ఓటు మీకే అండీ, నా బూడిద నేను తీసుకెళ్తా.

గిలకబావి: నా ఓటు కూడా బండికే. కాకపోతే "గీయబోవగ" అన్నారు, రంగులద్దేవాడు గీయడు కదా అని ఎవరో ఒకరు అడుగుతారు, జవాబు రెడీ చేసుకోండి.

తాబేలుబండి: "పూయబోవగ" అంటే యతి పోతుంది సార్.