లండన్‌లో ఆ పైకప్పు లేని చర్చి పార్కు కథేంటి?

పులిహోర డబ్బా:
అందరికీ నమస్తే. మా ఆఫీసు మాన్యుమెంట్ స్టేషన్ దగ్గర, ఇండియా నుంచి వచ్చి నాలుగు నెలలైంది. మొన్న ఎండ కాసింది కదా అని (ఇక్కడ ఎండ కాస్తే పండగే) బాక్సు పట్టుకుని థేమ్స్ వైపు దిగుతుంటే సెయింట్ డన్‌స్టన్స్ హిల్ అనే సందులో ఒక చర్చి కనపడింది, లోపలికెళ్తే పైకప్పు లేదు, కిటికీలకి రాతి చట్రాలున్నాయి గానీ అద్దాల్లేవు, వాటిల్లోంచి తీగలు అటూ ఇటూ పాకేసి ఉన్నాయి, మధ్యలో చిన్న ఫౌంటెన్, చుట్టూ బెంచీలు. పులిహోర తినేసి అలాగే కూర్చుండిపోయా, రెండింటి మీటింగ్ ఎగిరిపోయింది. అప్పుడే ఒక గైడ్ పదిమందిని వెంటేసుకొచ్చి 1666 అగ్నిప్రమాదంలో కాలిపోయింది, అప్పట్నించీ ఇలాగే ఉంది అని చెప్పి చక్కా పోయాడు. చుట్టూ అన్నీ గాజు బిల్డింగులే, అంత ఖరీదైన చోటు 350 ఏళ్ళు ఖాళీగా వదిలేస్తారా? నాకైతే నమ్మబుద్ధి కాలేదు.

పాతగోడల పిచ్చోడు:
మీ అనుమానం కరెక్టేనండీ, ఆయన మూడు కథలు కలిపి ఒకటి చేసేశాడు. సెయింట్ డన్‌స్టన్ ఇన్ ది ఈస్ట్ దాని పేరు. 1666లో దెబ్బతిన్నది నిజమే, కానీ అతుకులేసుకుని వాడుకున్నారు. తర్వాత 1695-1701లో క్రిస్టఫర్ రెన్ అనే ఆర్కిటెక్ట్ దానికి గోపురం కట్టాడు, కింద నాలుగు రాతి కమానులు కాళ్ళలాగా ఉండి వాటి నెత్తిన సూదిలాంటి శిఖరం నిలబడి ఉంటుంది చూడండి, అదే. 1703లో పెద్ద తుఫానొచ్చి ఊళ్ళో గోపురాలన్నీ దెబ్బతిన్నాయంటే, డన్‌స్టన్ గోపురం మాత్రం అయ్యుండదులే అన్నాట్ట రెన్. నిజమో కాదో గానీ చెప్పుకుంటారు.

అసలు ట్విస్టు 1817లో. పైకప్పు బరువుకి పాత గోడలు బయటికి ఒరిగిపోతే చర్చి మొత్తం పీకేసి, గోపురం ముట్టుకోకుండా, 1821 కల్లా కొత్తది లేపారు. అంటే మీరు ఆనుకుని పులిహోర తిన్న గోడకి 200 ఏళ్ళే! దాన్ని కూల్చింది 1941 జర్మన్ బాంబులు. రెన్ గోపురం అప్పుడూ నిలబడింది.

కట్టేవాడి బాధ:
సివిల్ వాడిగా ఒక మాట. ఆ 1821 చర్చి కట్టింది డేవిడ్ లెయింగ్. రోడ్డు దాటితే నది ఒడ్డున పెద్ద కస్టమ్ హౌస్ ఉంటుంది, అదీ ఆయనదే. దానికి పునాదిలో దుంగలు సరిగ్గా వెయ్యక 1825లో నడిమి భాగం కుంగి కూలింది, పాపం ఆయన కెరీర్ కూడా దాంతోనే కూలింది. కూలిందేమో బాగుచేసి నిలబెట్టారు, గట్టిగా కట్టిన చర్చి మీదేమో బాంబు పడింది, ఏం చెప్తాం.

ఈస్ట్ హామ్ అక్క:
మరి బాంబు పడ్డాక ఎందుకు కట్టలేదు అన్నది ఎవరూ చెప్పలేదు. జ్ఞాపకంగా ఉంచారు అంటారు అందరూ, 1944లోనే ఆ ఆలోచన ఉంది, బాంబులు పడ్డ చర్చిలు కొన్నింటిని అలాగే ఉంచుదామని టైమ్స్ పత్రికకి పెద్దమనుషులు ఉత్తరం రాశారు, ఎకనమిస్టు కీన్స్ సంతకం కూడా ఉంది అందులో. కానీ నన్నడిగితే అసలు కారణం జనం లేకపోవడం. సిటీ అనే ఆ చదరపు మైలులో 1801లో లక్షా పాతిక వేల పైన మనుషులు కాపురముండేవాళ్ళు, 1951కి 5 వేల చిల్లర. పొద్దున్న వచ్చి సాయంత్రం ట్రైనెక్కి పోయే గుమాస్తాలకి ఆదివారం చర్చి ఎందుకు? అందుకే ఈ పారిష్‌ని (అంటే ఈ చర్చి కిందికొచ్చే పేటని) పక్కనున్న ఆల్ హాలోస్ చర్చిలో కలిపేశారు. గోడలు పాతికేళ్ళు అలా పడి ఉంటే 1967లో కార్పొరేషన్ వాళ్ళు తోట చేద్దామని తీర్మానించి 1970ల మొదట్లో తెరిచారు. మధ్యాహ్నం బాక్సు తినేవాళ్ళు మాత్రం ఉన్నారు కదా, వాళ్ళ కోసం పనికొచ్చింది.

పాతగోడల పిచ్చోడు:
అక్కా, జనం మాట ఒప్పుకుంటా, కానీ అదొక్కటే అయితే గోడలు కూడా పీకేసి ఆఫీసు కట్టేవాళ్ళు కదా. 1950లోనే దాన్ని గ్రేడ్ వన్, అంటే అన్నిటికన్నా పై స్థాయి రక్షిత కట్టడంగా నమోదు చేసేశారు, ముట్టుకోడానికి లేదు. ఎంతో కొంత మమకారం కూడా ఉందనే నా లెక్క.

ఈస్ట్ హామ్ అక్క:
సరే తమ్ముడూ, సగం నీకిచ్చేస్తా.

పులిహోర డబ్బా:
అందరికీ థాంక్స్ అండీ. ఇవాళ మళ్ళీ వెళ్ళా, ఈసారి పనిగట్టుకుని దగ్గరకెళ్ళి చూశా, కిటికీ చట్రం మీద రాతి చెక్కడం ఎక్కడ ఆగిందో తీగ కాండం ఎక్కడ మొదలైందో తేడా తెలియట్లేదు, రెండూ ఒకే బూడిద రంగు. ఇంకో డౌటు, ఈ డన్‌స్టన్ ఎవరు?

కట్టేవాడి బాధ:
పదో శతాబ్దపు ఆర్చిబిషప్ బ్రో, కంసాలి పని కూడా తెలుసు. దెయ్యం వస్తే పటకారుతో ముక్కు పట్టుకుని లాగాడని కథ. మీటింగులు ఎగ్గొట్టకు, మీ మేనేజర్ దగ్గర కూడా పటకారు ఉంటుంది.