టెస్ట్ రైడ్‌లో అన్నీ బాగానే ఉన్నాయి, మరి ఏది కొనాలి?

బోడుప్పల్_కుర్రాడు

కాలేజీ రోజుల నుంచి 125 సీసీ బండే నడుపుతున్నా. దాన్ని తమ్ముడికి ఇచ్చేసి కాస్త పెద్ద బండి తీసుకుంటానని ఇంట్లో ఎలాగోలా ఒప్పించా. బడ్జెట్ ఆన్‌రోడ్ రెండున్నర లక్షలు, మరీ నచ్చితే ఇంకో పది పదిహేను వేలు పెడతా. హైదరాబాద్‌లోనే ఇల్లు బోడుప్పల్, ఆఫీసు రాయదుర్గం, రానూపోనూ యాభై కిలోమీటర్ల పైనే. ఆదివారం అమ్మని గుడికో చుట్టాలింటికో తీసుకెళ్లాలి, ఎప్పుడైనా ఫ్రెండ్స్‌తో అనంతగిరి, నాగార్జునసాగర్. నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు.

రాయల్ ఎన్‌ఫీల్డ్‌వి క్లాసిక్ 350, హంటర్ 350, ఇంకా హోండా హైనెస్ సీబీ350, ట్రయంఫ్ స్పీడ్ 400 నడిపి చూశా. గొడవేంటంటే ఏది ఎక్కితే అదే బాగుంది. క్లాసిక్ మీద కూర్చుంటే దర్జాగా ఉంది, హంటర్ చటుక్కున తిరుగుతోంది, హైనెస్ నున్నగా పోతోంది, స్పీడ్ 400 అయితే యాక్సిలరేటర్ తిప్పగానే నవ్వు ఆగలేదు. కానీ సేల్స్ అబ్బాయి వెనక కూర్చుని "ఇటు సార్, ఇటు సార్, ఇక్కడ యూటర్న్ సార్" అంటూ పెట్రోల్ బంకు దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చేస్తే ఏం తెలుస్తుంది చెప్పండి? అన్ని షోరూంలదీ అదే వరస. రివ్యూ వీడియోలు చూస్తే ఉన్న కాస్త క్లారిటీ కూడా పోతోంది. అసలు టెస్ట్ రైడ్‌లో ఏం చూడాలి? వాళ్లని ఎంత దూరం అడగొచ్చు?

తార్నాక_తమ్ముడు

ముందు ఒకటి చెప్పు బ్రో, మీ అమ్మగారు వెనక ఒకవైపుకి కూర్చుంటారా, రెండు వైపులా కాళ్లు వేసి కూర్చుంటారా? సగం లెక్క అక్కడే తేలిపోతుంది. ఒకవైపుకే అయితే వెనక సీటు వెడల్పు, పట్టుకోవడానికి రాడ్డు, కాలు పెట్టుకునే మెట్టు, చీర గార్డు, ఇవి చూడకుండా పవర్ గురించి మాట్లాడుకోవడం దండగ. అమ్మగారిని షోరూంకి తీసుకెళ్లు. సిగ్గుపడాల్సిందేం లేదు, ఆ సీటు వాడేది ఆవిడ.

ఇక నీ దారి. ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట, పంజాగుట్ట, చెక్‌పోస్టు, మాదాపూర్. నేనూ సగం దూరం రోజూ అదే దారిలో చస్తున్నా కాబట్టి చెప్తున్నా, పొద్దున తొమ్మిదింటికి అక్కడ ఏ బండి అయినా రెండో గేరు, మహా అయితే మూడో గేరు. కాబట్టి స్పీడుగా వెళ్తే ఎలా ఉందో చూడకు. స్పీడుగా వెళ్లినప్పుడు అన్ని బండ్లూ మంచివే. ఇరవై స్పీడులో మూడో గేరులో ఉంచి మెల్లగా యాక్సిలరేటర్ ఇచ్చి చూడు, బండి గునుస్తుందా, హాయిగా లాగుతుందా అని. స్పీడ్ 400ది 40 పీఎస్ పవర్, కానీ అది 8000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర, టార్క్, అంటే లాగే బలం, 37.5 న్యూటన్ మీటర్లు 6500 దగ్గర. హైనెస్‌కి 30 టార్క్ 3000 ఆర్‌పీఎంకే దొరుకుతుంది, క్లాసిక్, హంటర్లకి 27 టార్క్ 4000 దగ్గర. ట్రయంఫ్ కింద ఖాళీ అని కాదు నా ఉద్దేశం, కింద కూడా బాగానే లాగుతుంది, కానీ నువ్వు నవ్వావు చూడు, ఆ నవ్వు వచ్చే చోటికి బేగంపేటలో నువ్వు చేరవు.

ఇంకోటి, ఇది ఎవరూ చెయ్యరు. టెస్ట్ రైడ్ అయిపోయాక ఇంజిన్ ఆపేసి, దిగి, హ్యాండిల్ పట్టుకుని బండిని వెనక్కి నెట్టు. కొంచెం ఎత్తు ఉన్న చోట నెట్టు. మన అపార్ట్‌మెంట్ సెల్లార్లు తెలుసుగా, పిల్లర్‌కి పిల్లర్‌కి మధ్య ఒక కారు, ఆ కారు పక్కన మిగిలిన జాగాలో మన బండి, రాత్రి పదింటికి వాచ్‌మన్ పడుకున్నాక నువ్వే తిప్పుకోవాలి. క్లాసిక్ 195 కిలోలు, హంటర్, హైనెస్ 181, ట్రయంఫ్ 180 లోపే. పద్నాలుగు కిలోలంటే పోయేటప్పుడు తెలియదు, నెట్టేటప్పుడు మోకాళ్లకి తెలుస్తుంది.

మెట్రో_పాస్

నాగోల్‌లో ఎక్కు, రాయదుర్గంలో దిగు. ఒకటే లైను, అమీర్‌పేటలో మారే పని కూడా లేదు. టెస్ట్ రైడ్ కావాలంటే ఒక టికెట్టు కొంటే చాలు.

బోడుప్పల్_కుర్రాడు

@మెట్రో_పాస్ అన్నా, వానాకాలంలో మీ సలహానే పాటిస్తా, ఇప్పటికి వదిలెయ్. @తార్నాక_తమ్ముడు అమ్మ ఒకవైపుకే కూర్చుంటుంది. సెల్లార్ సంగతి భలే చెప్పావ్, మాది సరిగ్గా అలాంటిదే, పైగా ర్యాంపు మలుపులో ఉంటుంది.

పాత_సేల్స్

కొన్నేళ్లు షోరూంలో సేల్స్‌లో పనిచేశాను, ఇప్పుడు ఆ ఫీల్డులో లేను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తా.

శని, ఆదివారాలు వెళ్లకండి. ఆ రోజు సేల్స్ అబ్బాయి మీద పది మంది కస్టమర్లు ఉంటారు, మిమ్మల్ని పెట్రోల్ బంకు దాకా తిప్పడమే ఎక్కువ. మామూలు రోజు పదకొండు, పన్నెండు మధ్య వెళ్లండి, అప్పుడు షోరూం ఖాళీ. లైసెన్సు ఒరిజినల్ పట్టుకెళ్లండి, మీ హెల్మెట్ మీరే తీసుకెళ్లండి, వాళ్ల హెల్మెట్ ఎంతమంది తలలు చూసిందో. "నేను రోజూ వెళ్లే రోడ్డు మీద అరగంట నడపాలి, మీ అబ్బాయిని వెనక కూర్చోబెట్టుకుంటా" అని సూటిగా అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే అరగంట అడిగేవాడు కొనేవాడే అని వాళ్లకి తెలుసు. ఇంటికే బండి పంపించే డీలర్లూ ఉన్నారు, ఫోన్ చేసి అడిగితే పోయేదేం లేదు.

టెస్ట్ రైడ్ బండి బాగా లేదని ఆ మోడలే బాగా లేదనుకోవద్దు. రోజూ కొత్తవాళ్లు నడిపి దాని క్లచ్ కాల్చేస్తుంటారు. చైన్ లూజుగా వేలాడుతుంటే గేర్లు ఠపఠప పడతాయి, టైర్లలో గాలి ఎక్కువ కొట్టి ఉంటే గుంతల్లో నడుము విరుగుతుంది. ఎక్కే ముందు గాలి చూపించమనండి, తక్కువ ఎక్కువ ఉంటే సరిచేయించుకుని ఎక్కండి. కిలోమీటర్లు ఎక్కువ తిరిగిన టెస్ట్ బండి దొరికితే అదృష్టం అనుకోండి, కొన్నాళ్లయ్యాక మీ బండి ఎలా అవుతుందో అదే చెప్తుంది. అన్నిటికంటే ముఖ్యం, అది ఏ ఏడాది మోడలో అడగండి. 2025లో వచ్చిన హంటర్‌లో వెనక సస్పెన్షన్ మార్చారు, తేలిగ్గా నొక్కుకునే స్లిప్ అసిస్ట్ క్లచ్ పెట్టారు, ఎల్ఈడీ హెడ్‌లైట్ ఇచ్చారు. మీరు నడిపింది 2022 హంటర్ అయితే మీరు కొనబోయే బండిని మీరు ఇంకా చూడనట్టే.

రేటు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, 350 దాటితే 40 శాతం. క్లాసిక్, హంటర్ 349, హైనెస్ 348, అందుకే ఇవి తగ్గినవాటిలో పడ్డాయి. స్పీడ్ 400 గీత దాటేసింది. కంపెనీ ఎంత భరిస్తోంది, మీ దగ్గర ఎంత వసూలు చేస్తోంది అన్నది నెలనెలా మారుతుంటుంది కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన రేటు నమ్మకండి, కొటేషన్ కాగితం మీద రాయించుకోండి. అందులో ఎక్స్‌షోరూం, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ విడివిడిగా ఉండాలి. "హ్యాండ్లింగ్" అని ఒక లైను కనిపిస్తే అదేంటని అడగండి, అడిగినవాడికి తీసేస్తారు. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ఐదేళ్లకి తప్పనిసరి, మీ బండికి జరిగే నష్టానికి ఏడాది తీసుకుంటే చాలు, అది బయట కూడా తీసుకోవచ్చు, ఆ మాట షోరూంలో వాళ్లంతట వాళ్లు చెప్పరు.

సైనిక్‌పురి_బుల్లెట్టమ్మ

తమ్ముడూ, నా ఎత్తు నీకంటే తక్కువ, రోజూ 350 నడుపుతా, ఇద్దరు పిల్లల తల్లిని. ఎత్తు విషయంలో బ్రోచర్‌లో సీటు ఎత్తు ఒక్కటే చూసి భయపడేవాళ్లనీ, అది ఒక్కటే చూసి కొనేసేవాళ్లనీ చాలామందిని చూశా. క్లాసిక్ 805 మిల్లీమీటర్లు, హంటర్ 790, తేడా వేలెడు కూడా లేదు. కానీ సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు పక్కలకి జరిగి కాలు నేలకి అందదు, సన్నగా ఉంటే అందుతుంది. షోరూంలో నున్నటి టైల్స్ మీద కూర్చుని చూస్తే ఏం లాభం, రోడ్డు పక్కకి వాలుగా ఉన్న చోట, ఎడమ కాలు పల్లం వైపు పడేలా ఆపి చూడు. రోజూ వేసుకునే బూట్లతోనే చూడు.

వేడి గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? మన ఊళ్లో మార్చి నుంచి జూన్ దాకా అదే పెద్ద సంగతి. ఇంజిన్ వేడెక్కకుండా ఏ బండి గురించీ చెప్పలేం. స్పీడ్ 400 లాంటి లిక్విడ్ కూల్డ్ (ద్రవంతో ఇంజిన్‌ని చల్లబరిచే) బండికి సిగ్నల్ దగ్గర ఫ్యాన్ తిరిగిందంటే ఆ వేడిగాలి ఎటు పోతోందో నీ మోకాలికి తెలియాలి, ఎయిర్ కూల్డ్ (గాలికే చల్లబడే) బండి అయితే ఇంజిన్ ఎంత వెడల్పు, కాలు దానికి ఎంత దగ్గర అన్నది చూడాలి. కాబట్టి మధ్యాహ్నం వెళ్లు, ట్రాఫిక్‌లోకి వెళ్లు, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపకుండా ఉండు. చల్లటి పొద్దున ఏసీ షోరూంలోంచి దిగి అయిదు నిమిషాలు నడిపితే అన్నీ చల్లగానే ఉంటాయి మరి.

క్లచ్ కూడా. నాలుగు వేళ్లతో కాదు, రెండు వేళ్లతో పట్టుకుని పంజాగుట్ట దాటగలవా అని చూడు.

తార్నాక_తమ్ముడు

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. షోరూంల చుట్టూ తిరిగే ఓపిక లేకపోతే ఒక రోజుకి అద్దెకి తీసుకో బ్రో. నల్ల నంబర్ ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండే బండ్లు, మాదాపూర్, అమీర్‌పేట వైపు బోలెడు. క్లాసిక్, హంటర్ అయితే ఈజీగా దొరుకుతాయి. ఘట్‌కేసర్ దాటి వరంగల్ హైవే మీద ఎనభైలో కాసేపు వెళ్లి అద్దాలు, ఫుట్‌రెస్టులు, హ్యాండిల్ ఎంత వణుకుతున్నాయో చూడు, సాగర్ ట్రిప్పులంటున్నావ్ కదా. ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) ఎక్కకు, మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లని రానివ్వరు.

టైర్లు కూడా అడుగు. క్లాసిక్‌లో స్పోక్ చక్రాల వేరియంట్లకి, హంటర్ బేస్ వేరియంట్‌కి ట్యూబు టైర్లు. రాత్రి పంక్చర్ అయితే ట్యూబ్‌లెస్ విలువ తెలుస్తుంది.

బోడుప్పల్_కుర్రాడు

అప్‌డేట్. ఆఫీసుకి సెలవు పెట్టి మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లా, అమ్మని కూడా తీసుకెళ్లా. @పాత_సేల్స్ గారు చెప్పినట్టు అరగంట అడిగితే ఒకచోట మొహం మాడ్చారు, మిగతాచోట్ల ఇచ్చారు.

స్పీడ్ 400 నుంచి అమ్మ ఎక్కకుండానే దిగిపోయింది, అంటే వెనక సీటు చూసి "ఇది నీ ఒక్కడికేరా" అంది, అయిపోయింది. నాకు మాత్రం మనసంతా ఇంకా దాని మీదే ఉంది, అది వేరే సంగతి. క్లాసిక్ మీద అమ్మకి బాగుంది, నాకూ బాగుంది, కానీ షోరూం వెనక చిన్న ఎత్తు ఉంటే అక్కడ వెనక్కి నెట్టి చూశా, చెమటలు పట్టాయి. హంటర్ కొత్త మోడలే ఇచ్చారు, ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర బస్సుల మధ్య దాన్ని తిప్పుతుంటే హాయిగా ఉంది, క్లచ్ రెండు వేళ్లకి వస్తోంది. అమ్మ మాత్రం ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకుని కాలు ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంది, స్పీడ్ బ్రేకర్ రాగానే నా చొక్కా పట్టుకుంది. హైనెస్ మీద వెనక రాడ్డు పట్టుకుని కూర్చుంది, హబ్సిగూడ దాకా వెళ్లొచ్చాం, దారిలో చుట్టాల పెళ్లి సంగతులు కూడా చెప్పింది, అంటే భయం లేనట్టే లెక్క. ఇరవైలో మూడో గేరు పరీక్షలో కూడా ఇదే నచ్చింది.

కాబట్టి హైనెస్ వైపే మొగ్గుతున్నా. ఒకటే టెన్షన్, హోండా పెద్ద బండ్లు చూసే బిగ్‌వింగ్ షోరూం సర్వీస్ మా ఇంటికి దగ్గర్లో లేదు, ఎన్‌ఫీల్డ్ సర్వీస్ అయితే మా వైపే ఉంది.

పాత_సేల్స్

సర్వీస్ దూరం అనేది రోజూ పడే బాధ కాదు, కొన్ని నెలలకోసారి. మీ ఆఫీసు దారిలో ఏ బిగ్‌వింగ్ పడుతుందో చూసుకుని పొద్దున వదిలేసి సాయంత్రం తీసుకునేలా కుదిరితే హైనెస్ తీసుకోండి, కుదరకపోతే హంటర్‌కి వెనక రాడ్డు యాక్సెసరీ పెట్టించి అమ్మగారిని ఇంకోసారి ఎక్కించి చూడండి. యాక్టివా, షైన్ అమ్మే మామూలు హోండా షోరూంలో హైనెస్ కోసం అడిగితే లాభం లేదు.

ఏది తీసుకున్నా మొత్తం డబ్బు కట్టే ముందు మీ పేరు మీద కేటాయించిన బండినే చూపించమనండి. ఛాసిస్ నంబరు, తయారీ నెల చూసుకోండి, ట్యాంకు కింద, సైలెన్సర్ మీద గీతలున్నాయేమో చూసుకోండి, చీర గార్డు ఉందో లేదో కూడా. నచ్చకపోతే అప్పుడే మార్చమనండి, టీజీ నంబరు పడ్డాక ఎవరూ మార్చరు.