జబ్బు కాగితాలు పోలీసులకు ఇప్పుడే ఇవ్వాలా?

మాది బెంగళూరు. తమ్ముడికి బైపోలార్ (మూడ్ విపరీతంగా పైకీ కిందికీ పోయే మానసిక జబ్బు). మధ్యలో నెల రోజులు దాని మందు లిథియం మానేశాడు, నిద్ర రెండు గంటలకు పడిపోయింది. అర్ధరాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఒక టీవీ యాంకర్‌కి మెసేజ్‌లు, ఒక్క రాత్రే 60. ఆవిడ బ్లాక్ చేస్తే కొత్త అకౌంట్. యాప్‌లు తీసేశాం, సిమ్ మార్చాం. లాప్‌టాప్‌తో మళ్ళీ మొదలెట్టాడు. ఇప్పుడు మందు వేసుకుంటున్నాడు, ఆరు గంటలు నిద్రపోతున్నాడు. కానీ బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 78, అంటే వెంటపడి వేధించిన కేసులో, విచారణకు రమ్మని పోలీసుల బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 35(3) నోటీసు వచ్చింది.

జబ్బని వదిలేయమనడం లేదు. ఆవిడ పడ్డ భయం నిజం. మతిస్థిమితం లేనివాళ్ళకి మినహాయింపిచ్చే బీఎన్‌ఎస్ సెక్షన్ 22కి జబ్బు పేరు ఒక్కటే చాలదు, చేసేదేమిటో గానీ, అది తప్పు లేదా చట్టవిరుద్ధమని గానీ ఆ సమయంలో తెలుసుకోలేని స్థితి ఉండాలి. వీడేమో ఆవిడకి "ఇది ఎవరికీ చూపించకు" అని కూడా రాశాడు, అంటే తప్పని తెలుసనే అనుకుంటారు.

ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, రక్తంలో లిథియం లెవెల్ రిపోర్టు విచారణాధికారికి నోటీసు రోజే ఇవ్వాలా, లాయర్ ద్వారా కోర్టులోనే పెట్టాలా?