సమస్యాపూరణం: «తీసివేయగానె తేలె సొమ్ము»

నిర్వాహకుడు: ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. బ్యాంకు ఖాతాలు, జేబుదొంగలు వద్దు. బతికున్న మనిషి మెదడులో గాబా, గ్లూటమేట్ అనే నాడీ సందేశ రసాయనాలను ఎంఆర్ఐ తరహా స్కానర్‌తో కొలవడం మీదే పూరించాలి.

స్కానింగ్ మాస్టారు:

గాబ దాగియుండె గనరాక మెదడులో
క్రియటిను శిఖరమ్ము క్రింద నణగి
ఒకటి మీటి తీసి యొకటి మీటక తీసి
తీసివేయగానె తేలె సొమ్ము

స్కానర్ గీసే గ్రాఫులో ఏ సంకేతం ఎక్కడుందో పీపీఎంలలో చెబుతాం. గాబా సంకేతాల్లో ఒకటి 3.0 పీపీఎం దగ్గర వస్తుంది. సరిగ్గా అక్కడే క్రియాటిన్ అనే మరో రసాయనపు శిఖరం ఎత్తుగా కూర్చుని ఉంటుంది. అయితే గాబాకు 1.9 దగ్గర ఇంకో సంకేతం ఉంది. దాన్ని రేడియో పల్స్‌తో మీటితే 3.0 దగ్గరి గాబా రూపు మారుతుంది, క్రియాటిన్ మాత్రం ఉలకదు పలకదు. రెండు రికార్డింగుల తేడా తీస్తే క్రియాటిన్ పోయి గాబా మిగులుతుంది. 1993లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ రాత్‌మన్ బృందం మెదడు వెనుక భాగంలో గాబాను కొలిచింది ఈ తరహాలోనే.

నిర్వాహకుడు: భేష్. మూడో పాదంలో పద్ధతంతా ఇమిడిపోయింది.

పల్లవి:

గ్లూటమేటు కవల గ్లూటమీ నొక్కటై
మూడు టెస్లలందు ముద్ద గట్టె
ఏడు టెస్లలున్న విడివడి నిలిచెను
తీసివేయగానె తేలె సొమ్ము

నిర్వాహకుడు: రెండో పాదం బాగా నచ్చింది. టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత. మూడు టెస్లాల యంత్రంలో గ్లూటమేట్‌నూ, దాన్ని పోలిన గ్లూటమీన్‌నూ విడదీయడం కష్టమై చాలామంది కలిపి ‘జీఎల్ఎక్స్’ అనే రాసేస్తారు. మూడో పాదంలో యతి తప్పింది, ‘ఏ’కు ‘వి’ కుదరదు. «ఏడు టెస్లలున్న నిరువురు విడిపోవ» అంటే యతి సరిపోతుంది. కానీ అసలు చిక్కు భావంలో ఉందమ్మా. అయస్కాంతం బలం పెంచితే అవి వాటంతటవే విడిగా కనిపిస్తాయి, ఇక తీసివేతకు పనేముంది? నాలుగో పాదం అతికించినట్టుంది.

పల్లవి: యతి దిద్దుకుంటాను సార్. భావానికి ఇంకో పద్యం రాస్తా.

గడుసుపిల్ల: మాస్టారికి నా జవాబు:

గాబ యనుచు మురిసి గంతులేయకుమయ్య
సగము వరకు నందు సంకరమ్ము
దేనిదెంతొ తేల్చి తీరైన లెక్కతో
తీసివేయగానె తేలె సొమ్ము

స్కానింగ్ మాస్టారు: దెబ్బ గట్టిగానే తగిలింది! తీసివేతలో ప్రోటీన్ల వంటి బృహదణువుల సంకేతం కూడా వెంట వస్తుంది, అందుకే నిజాయితీపరులు ‘గాబా ప్లస్’ అని రాస్తారు. రెండోసారి మీటకుండా వదిలేయడానికి బదులు 1.5 దగ్గర మీటితే, బృహదణువుల మీద ప్రభావం రెండింటిలోనూ సమానమై తేడాలో రద్దవుతుంది. అప్పుడు పేషెంటు తల కదిలినా, స్కానర్ ఫ్రీక్వెన్సీ కాస్త జారినా లెక్క చెడుతుంది, ఆ టెన్షన్ మాకే తెలుసు.

నిర్వాహకుడు: పద్యంలో మూడు పాదాలు హితబోధ, చివర ‘తేలె’ అని భూతకాలం. అది కాస్త పంటికింద రాయి. భావం మాత్రం ఈసారి వచ్చినవాటిలో దీనిదే పైచేయి.

పల్లవి: ఈ సొమ్ము న్యూరాన్ల మధ్య సందులో ఉన్నదేనా సార్?

స్కానింగ్ మాస్టారు: కాదమ్మా. గాబాకైతే సాధారణంగా మూడు సెంటీమీటర్ల ఘనంలో పది నిమిషాలు కొలుస్తాం. కణాల లోపలిదీ బయటిదీ కలిపి మొత్తం వస్తుంది, అందులో ఎక్కువ లోపలిదే. ఏ క్షణంలో ఎంత విడుదలైందో ఇందులో తెలియదు.