టిఫాలో వెంట్రికిల్ 10.8 వచ్చింది, ఎమ్మారై ఇప్పుడే తీయించాలా?

బెల్లంమండీ_చిత్తూరు:
మా ఇంటామెకు 21 వారాలు. మొన్న టిఫా స్కాన్‌లో, అదే బిడ్డ అవయవాలన్నీ చూసే అల్ట్రాసౌండ్‌లో, బిడ్డ తలలో ఎడమ వెంట్రికిల్ (మెదడులో నీరుండే గది) 10.8 మిల్లీమీటర్లని రాసినారు. 10 లోపు ఉండాలంట. మిగతావన్నీ బాగుండాయన్నారు. మూడు వారాలాగి మళ్ళీ స్కాన్‌కు రమ్మన్నారు మేడం, అవసరమైతే ఎమ్మారై అన్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. బ్రిటన్లో 570 మంది బిడ్డల్ని చూస్తే అల్ట్రాసౌండ్ 68 శాతం, ఎమ్మారై 93 శాతం సరిగ్గా చెప్పినాయని 2017లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో వచ్చిందంట. అట్లాంటప్పుడు రేపే తిరుపతికి పోయి తీయించేస్తే పోలా? మా అత్త ఒక పక్క రేడియేషనని ఏడుస్తాంది.

స్కాన్‌రూమ్_అక్క, తిరుపతి:
తమ్ముడూ, నేను డాక్టర్ని కాదు, ఎమ్మారై టెక్నీషియన్ని. పన్నెండేళ్ళుగా ఇదే పని. ముందు అత్తగారికి చెప్పు, అల్ట్రాసౌండ్, ఎమ్మారై రెండింట్లోనూ రేడియేషన్ లేదు. ఒకటి శబ్దం, ఇంకోటి అయస్కాంతం. బొమ్మ తేటగా రావడానికి వేసే కాంట్రాస్ట్ సూది కూడా గర్భిణులకు వేయం.

ఆ 570 మంది సంగతి. వాళ్ళందరికీ మెదడులో ఏదో తేడా ఉందని ముందు పట్టింది అల్ట్రాసౌండే! దారిన పోయేవాళ్ళను పిలిచి తీసిన లెక్క కాదు. మీదీ అనుమానం కేసే కాబట్టి ఎమ్మారై వద్దనను. కానీ ఒక్క వెంట్రికిలే కాస్త పెరిగి, తక్కినవి సరిగ్గా ఉంటే ఎమ్మారైలో కొత్తగా బయటపడేది తక్కువ.

ఇంకోటి. 21 వారాలకు మెదడు పైభాగం ఇంకా నున్నగా, ఉడికించిన గుడ్డు మాదిరి ఉంటుంది. మడతలు తర్వాత వస్తాయి, 30 వారాలప్పుడు బాగా కనిపిస్తాయి. ఆ వయసుకు పుర్రె ఎముక గట్టిపడి అల్ట్రాసౌండ్‌కు అడ్డం వస్తుంది, పొట్ట మీద పెట్టే ప్రోబ్‌కు దగ్గరున్న సగం మసకగా కనిపిస్తుంది. ఎమ్మారైకి ఆ బాధ లేదు. మెదడు రెండు సగాలనూ కలిపే కార్పస్ కలోసమ్ మీద అనుమానమున్నా అదే మేలు. అయితే బిడ్డ ఒక్క తన్ను తన్నితే ఆ బొమ్మ పాడు, మళ్ళీ తీయాల్సిందే.

వచ్చేటప్పుడు తాళి, మెట్టెలు, జడపిన్నులు తీసేయాలి. తాళి తీయనని లోపలికొచ్చాక ఏడ్చినవాళ్ళను చూశా. పసుపు కొమ్ము కట్టిన దారం వేసుకుని రమ్మను. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతాం, అరగంట, ముప్పావుగంట. మోత మాత్రం గట్టిగా ఉంటుంది.

రేణిగుంట_అమ్మ:
నాకు స్కాన్‌లో 11, నాలుగు రోజులకే ఎమ్మారైలో 12. పెరిగిపోయిందని ఆటోలోనే ఏడ్చేశా. రెండు మిషన్ల కొలతలూ పక్కపక్కన పెట్టకూడదు, ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మామూలేనని డాక్టరమ్మ తర్వాత చెప్పారు. స్కాన్‌ను స్కాన్‌తోనే పోల్చుకోండి, కుదిరితే ఒకే చోట. నాకు 32 వారాలకు 9కి దిగింది. మీకూ అంతేనని చెప్పలేను. ఇన్ఫెక్షన్ రక్తపరీక్షలు రాశారా? మాకు మొదట అవే చేశారు.

పాకాల_పీజీ:
21కి మూడు కలిపితే 24. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత బిడ్డకు లోపముంటే ఇద్దరు డాక్టర్ల మాట మీద గర్భం తీసే గడువు అక్కడితో ఆఖరు. ఆపైన పెద్ద లోపమైతేనే, అదీ మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి. మీ బిడ్డకు అంత దూరం పోతుందని కాదు. అయినా రెండు వారాలకే రావచ్చా అని మేడంను అడగండి.

బెల్లంమండీ_చిత్తూరు:
అడిగినా. వచ్చే గురువారం తర్వాతి గురువారం రమ్మన్నారు, రక్తపరీక్షలూ రాసినారు. ఎమ్మారై అది చూసినాకే. అక్కా, తాళి సంగతి చెప్పినాక మా అత్త రేడియేషన్ మర్చిపోయి దాన్ని పట్టుకుంది. పసుపు కొమ్ము ఇప్పుడే తెచ్చి పెట్టింది.