ఊళ్లో షాపుల్లో కీబోర్డులు కనపడట్లేదు: తప్పు ఆన్‌లైన్‌దా, షాపులదా, మనదా?

గోదారి కీస్ (చర్చ మొదలుపెట్టింది):

మా రాజమండ్రి వైపు మ్యూజిక్ షాపుల్లో ఒకప్పుడు స్టాండ్ల మీద వరసగా కీబోర్డులు ఉండేవి. యమహా, కాసియో, రోలాండ్, అప్పుడప్పుడు ఒక కోర్గ్. ప్లగ్ పెట్టే ఉంచేవాళ్లు, ఎవరినీ అడక్కుండానే వాయించి చూసుకునేవాళ్లం. ఇప్పుడు గోడ నిండా గిటార్లు, కింద యుకులేలీలు, కౌంటర్ మీద కలింబాలు, బ్లూటూత్ కరోకే మైకులు. కీబోర్డు ఏదన్నా ఉందా అంటే అటక మీంచి రెండు డబ్బాలు దించుతారు. విప్పమంటే "తీసుకుంటానంటే విప్పుతాం సార్" అంటారు.

అందరూ ఆన్‌లైన్ మీదకి తోసేస్తున్నారు. నేను ఒప్పుకోను. ఫోన్లు ఆన్‌లైన్‌లో ఎంత అమ్ముడవుతున్నా, ఫోన్ షాపుకి వెళితే ఇప్పటికీ చేతికిచ్చి చూడమంటారు. మ్యూజిక్ షాపులు మాత్రం కీబోర్డుని వదిలేసి, ఏది తేలిగ్గా పోతే అది పెట్టుకున్నాయి. టోన్లు (అందులో ఉండే వాయిద్యాల శబ్దాలు) ఎన్ని ఉన్నాయో డబ్బా మీద చదువుకోవచ్చు. కీస్ వేలికి ఎలా తగులుతాయో, స్వరాన్ని వంచే పిచ్ బెండ్ ఎంత మెత్తగా తిరుగుతుందో ఏ వీడియో చెబుతుంది? చర్చి కమిటీ యాభై వేలు చేతిలో పెట్టి మంచిది తెమ్మంటే చూడకుండా ఎలా తెస్తాం? తప్పు షాపులదేనని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

కౌంటర్ వెనక:

నేను షాపు నడుపుతున్నాను, కోస్తాలోనే. ఊరు చెప్పను, నా కస్టమర్లు కొందరు ఇక్కడే ఉన్నారు.

ఫోన్లతో పోల్చారు కాబట్టి అక్కణ్ణుంచే వస్తాను. ఫోన్ షాపులో బల్ల మీద పెట్టే పీసు ఖర్చు చాలావరకు కంపెనీ చూసుకుంటుంది. నా స్థాయి డీలరుకి కీబోర్డు డెమో పీసంటే సొంత డబ్బు పెట్టి కొన్న పీసే. స్టాండు ఎక్కించిన రోజు నుంచీ అది సెకండ్ హ్యాండ్ సరుకు. సాయంత్రం అయ్యేసరికి పిల్లలు వచ్చి రెండు చేతులతో బాదుతారు, వద్దంటే వాళ్ల నాన్నకి కోపం. ఏడాది తిరిగేలోపు మధ్య ఆక్టేవ్‌లో ఒకటో రెండో కీస్ పలకవు. అప్పుడది అసలు రేటుకి ఎవరు తీసుకుంటారు?

ఈలోగా మోడల్ మారుతుంది. యమహా పీఎస్ఆర్-ఈ373 2020లో వచ్చింది, 2024లో పీఎస్ఆర్-ఈ383 వచ్చేసింది. కొత్తది వచ్చిందని తెలిసిన మర్నాడే పాతదాని రేటు సగం చెయ్యమంటారు. సరుకు ఎత్తినప్పుడే 18 శాతం జీఎస్టీ కట్టాలి. అమ్మాక కట్టే పన్నులో అది తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, కాదనను. కానీ పీసు కదిలేదాకా ఆ డబ్బు అందులోనే ఇరుక్కుని ఉంటుంది. గిటారు అయితే గోడకి మేకు కొట్టి తగిలిస్తే సరి. దానికి కరెంటు అక్కర్లేదు, మోడల్ పాతబడదు, కింద జాగా తినదు.

అసలు బాధ ఇంకొకటి. అరగంట సేపు అన్ని మోడళ్లూ వాయిస్తారు. నన్ను అడిగి స్ప్లిట్ (రెండు చేతులకీ రెండు వేరే శబ్దాలు) ఎలా పెట్టాలో, శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ ఎక్కడుందో నేర్చుకుంటారు. తర్వాత ఫోన్ తీసి "ఇక్కడ ఇంతకొస్తోంది, ఇస్తారా" అంటారు. ఆ రేటు కొన్నిసార్లు నేను డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొన్న రేటు కంటే తక్కువ. అప్పుడు నేనేం చెయ్యాలి గోదారి గారూ?

బీట్ మెషిన్, హైదరాబాద్:

ఈ గొడవంతా ఎందుకండీ? 1983లో మిడి (వాయిద్యాల్నీ కంప్యూటర్లనీ ఒకదానితో ఒకటి కలిపే పద్ధతి) వచ్చినప్పుడే అసలు విషయం తేలిపోయింది: వాయించే కీస్ ఒకచోట, మోగే శబ్దం ఇంకోచోట ఉండొచ్చని. అప్పట్లో యమహా డీఎక్స్7 కీబోర్డు అయినా, తర్వాత వచ్చిన కోర్గ్ ఎమ్1 అయినా, ఆ శబ్దం కావాలంటే ఆ పెట్టే కొనాలి. అందుకే షాపుకి వెళ్లి నాలుగు పెట్టెలు వాయించి చూసేవాళ్లు. ఇప్పుడు శబ్దాలన్నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. సొంత శబ్దం లేని ఒక 61 కీస్ కంట్రోలర్, ల్యాప్‌టాప్ శబ్దాన్ని స్పీకర్లకి పంపే ఒక ఇంటర్‌ఫేస్ కొనుక్కుంటే చాలు. షాపులో ఎంపిక తగ్గిందని ఏడవడం అనవసరం.

గోదారి కీస్:

బీట్ మెషిన్ గారూ, మీది ఏసీ గది. గుడ్ ఫ్రైడే రోజు మూడు గంటల ఆరాధన మధ్యలో ల్యాప్‌టాప్ అప్‌డేట్ అడిగితే పాస్టరు గారికి ఏం చెప్పను?

జాతర ఆర్కెస్ట్రా, వరంగల్:

అది నిజం బ్రదర్. మావి జనరేటర్ మీద ప్రోగ్రాములు. లైట్లు ఒక్కసారి మిణుక్కుమంటే ఇంటర్‌ఫేస్ కనెక్షన్ పోతుంది. కీబోర్డు అయితే మళ్లీ ఆన్ చేసి చరణం అందుకోవచ్చు.

కానీ షాపుల్ని తిట్టడం కూడా నాకు నచ్చలేదు. మనవైపు నుంచి ఒక మాట చెబుతాను, కొందరికి కోపం రావచ్చు. ఎంపిక తగ్గించింది మనమే.

ఎలాగంటారా. ఆర్కెస్ట్రావాళ్లు, చర్చివాళ్లు, భజన బృందాలవాళ్లు అడిగే మోడళ్లు చూడండి. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10, యమహా పీఎస్ఆర్-ఐ500, కాసియో సీటీ-ఎక్స్9000ఐఎన్. మూడింట్లోనూ మన వాయిద్యాల శబ్దాలున్నాయి. ఐ500లో తబలా, తంబూరా శ్రుతితో రియాజ్ (సాధన) కూడా ఉంది. ఎక్స్‌పీఎస్-10 వచ్చి పదేళ్లు దాటింది. ఈ రోజుకీ స్టేజీ మీద అదే ఎందుకు? అంతకంటే మంచిది రాలేదనా? కాదు. దానికి టోన్లు తయారుచేసి అమ్మేవాళ్లున్నారు. నాదస్వరం, డోలు, షెహనాయి, డప్పు. పెన్‌డ్రైవ్‌లో పెట్టిస్తారు, వాట్సాప్‌లో పంపిస్తారు. పక్క ఊరి బ్రదర్ దగ్గర ఏ కీబోర్డు ఉంటే నాకూ అదే కావాలి, ఎందుకంటే అతని టోన్లు నా దాంట్లో ఎక్కుతాయి. నేను ఒక ప్రోగ్రాముకి వెళ్లలేకపోతే నా పెన్‌డ్రైవ్ పట్టుకుని వేరేవాళ్లు వెళ్లొచ్చు.

ఇలా అందరం ఒకే మోడల్ అడుగుతూ పోతే షాపతను నాలుగో బ్రాండు ఎందుకు తెస్తాడు? తెచ్చినా "దీనికి మన టోన్లు దొరుకుతాయా" అని అడిగి వెళ్లిపోతాం. నేనే అడిగాను. ఆ కోర్గ్ పీసు అక్కడే చాలాకాలం ఉండిపోయింది.

ఇంకోటి. రోలాండ్‌లో పిచ్ బెండ్ ఒక లివర్, పక్కకి తోస్తే స్వరం వంగుతుంది, ముందుకి తోస్తే మాడ్యులేషన్, అంటే స్వరంలో వణుకు. యమహాలో చక్రం. నాదస్వరం బిట్‌లో గమకం ఎడమ చెయ్యే పలికిస్తుంది. లివర్‌కి అలవాటు పడ్డ చెయ్యి చక్రం మీద తడబడుతుంది. ఒకసారి ఒక కంపెనీకి చెయ్యి అలవాటైతే మారడం కష్టం.

కౌంటర్ వెనక:

వరంగల్ అన్న చెప్పినది అక్షరాలా నిజం. ఈ మూడు మోడళ్లూ నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. మిగతావి అడిగితే తెప్పిస్తాను, అడ్వాన్స్ ఇస్తే.

సరిగమ టీచర్:

హైదరాబాద్‌లో పిల్లలకి కీబోర్డు, పియానో చెబుతాను. వాయించేవాళ్ల సంగతి మీరు మాట్లాడారు, నేర్చుకునేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

మీకు ఏ మోడల్ కావాలో మీకు తెలుసు. ఏడేళ్ల పాప తల్లికి తెలియదు. ఆవిడ ఆన్‌లైన్‌లో చూసేది మూడే: రేటు, స్టార్లు, టోన్ల సంఖ్య. యమహా పీఎస్ఆర్-ఎఫ్52 లాంటిది కొని తెస్తారు. చక్కగానే ఉంటుంది, కానీ దానికి టచ్ రెస్పాన్స్ లేదు. మెల్లగా నొక్కినా, గట్టిగా కొట్టినా ఒకటే శబ్దం. ఆరు నెలలయ్యాక లండన్ ట్రినిటీ కాలేజీవాళ్ల సంగీతం గ్రేడ్ పరీక్ష కడదామంటే "ఇంకో కీబోర్డు కొనాలా?" అని నా మీద విరుచుకుపడతారు. ఇంకొకరు పీఎస్ఆర్-ఈ373 తెచ్చి, సినిమా పాటలో వేణువు జారుడు వాయించాలంటే పిచ్ బెండ్ చక్రం ఏదంటారు. ఆ మోడల్‌లో లేదు. పీఎస్ఆర్-ఈ473లో ఉంది. ఈ తేడా ఆన్‌లైన్ పేజీలో కూడా ఉంటుంది, ఎక్కడో కింద. కానీ అది ముఖ్యమని వాళ్లకి ఎవరు చెప్పాలి? షాపులో రెండూ పక్కపక్కన పెట్టి ఉంటే ఒక్క నిమిషం పని.

పియానో నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకి నేనో పరీక్ష చెబుతాను. 88 కీస్ డిజిటల్ పియానో ముందు కూర్చుని ఒక తెల్ల కీ కొసన నొక్కండి, తర్వాత అదే కీని లోపలికి, నల్ల కీస్ మధ్య నొక్కండి. సన్నటి పెట్టెల్లో కీ పొట్టిగా ఉండి, లోపల నొక్కితే చాలా బరువుగా తగులుతుంది. చిన్న వేళ్లకి అది రోజూ నరకం. దీన్ని ఏ రివ్యూలో చూస్తారు చెప్పండి? షాపుకి వెళ్లి వేలు పెట్టి చూడాల్సిందే. ఆ షాపులో ఆ పియానో ఉంటే కదా!

అందుకని నాకు షాపుల మీద కోపం కంటే కంపెనీల మీద ఎక్కువ కోపం. ప్రకటనలకి ఖర్చుపెట్టే దాంట్లో కొంత డెమో పీసులకి పెట్టలేరా?

ఎడిసన్ తెలుగబ్బాయి:

న్యూజెర్సీ నుంచి. ఇది మన ఊళ్ల కథ మాత్రమే అనుకోకండి. శామ్ యాష్ అని 1924లో బ్రూక్లిన్‌లో మొదలైన మ్యూజిక్ షాపుల సంస్థ, ఇటువైపు సంగీతం చేసేవాళ్లందరికీ తెలుసు. 2024 మేలో అన్ని షాపులూ మూసేస్తున్నామని ప్రకటించింది. సరిగ్గా నూరేళ్లకి. గిటార్ సెంటర్ అనే ఇంకో మ్యూజిక్ షాపుల సంస్థ 2020 నవంబరులో దివాలా రక్షణ కోరి, తర్వాత బయటపడి నడుస్తోంది. తమాషా ఏంటంటే, ఆ గిటార్ సెంటర్ 1959లో హాలీవుడ్‌లో మొదలైంది ఇళ్లలో వాయించుకునే ఆర్గాన్లు అమ్మే షాపుగా. పేరే ఆర్గాన్ సెంటర్! కీస్ అమ్మి మొదలై గిటార్ల వైపు వెళ్లిన షాపు అది. ఇప్పుడు వెళ్లి చూడండి, కీబోర్డులు ఎక్కడో వెనక గదిలో.

2020 తర్వాత సరుకే రాలేదన్నది కూడా మరిచిపోవద్దు. ఆ అక్టోబరులో జపాన్‌లో నోబెయోకాలో ఏకేఎమ్ అనే కంపెనీవాళ్ల చిప్ ఫ్యాక్టరీ తగలబడింది. శబ్దాన్ని అంకెలుగా, అంకెల్ని శబ్దంగా మార్చే చిప్పులు అక్కడ తయారయ్యేవి. కోవిడ్ కరువు దానికి తోడు. స్టాండ్లు ఖాళీ అయ్యాక షాపులు ఆ జాగాలో వేరేవి పెట్టేశాయి. సరుకు తిరిగొచ్చినా జాగా తిరిగి రాలేదు.

గోదారి కీస్:

అమెరికాలో మూతబడ్డాయి కాబట్టి ఇక్కడా మూతబడాల్సిందేనా? చెన్నైలో మ్యూసీ మ్యూజికల్ షాపు చూడండి. 1842 నుంచి ఉంది. అక్కడ పియానోలు అమ్ముతారు, క్లాసులు చెబుతారు, ట్రినిటీ పరీక్షలు జరుగుతాయి. నేర్చుకునే పిల్లలు రోజూ వచ్చే చోట పీసు స్టాండు మీద ఉంటే అది ఖర్చు కాదు, రేపటి అమ్మకం. మన షాపులవాళ్లు ఎంతమంది పై అంతస్తులో ఒక క్లాసు పెట్టారు?

ఇంకో విషయం. యమహా 2019 నుంచి చెన్నై దగ్గర ఫ్యాక్టరీలో కీబోర్డులు తయారుచేస్తోంది. రాజమండ్రికి ఒక రాత్రి లారీ దూరం. సముద్రం దాటి రావాలి, దొరకట్లేదు అనడానికి లేదు.

కౌంటర్ వెనక:

మా ఊళ్లో క్లాసు పెట్టాను. మాస్టారు నాలుగు నెలల తర్వాత పిల్లల్ని తీసుకుని సొంతంగా ఇంట్లో పెట్టుకున్నారు. సర్లెండి, అది వేరే చర్చ.

రబ్బరు డాక్టర్:

నేను రిపేర్లు చేస్తాను, గుంటూరు. ఎవరిది తప్పో నాకు అక్కర్లేదు కానీ, ఆన్‌లైన్‌లో కొన్న పెట్టెలు చివరికి ఎక్కడికి వస్తున్నాయో చెబుతాను. నా బల్ల మీదకి.

ఎక్కువ వచ్చే కంప్లయింటు ఒకటే: ఒక కీ అసలు పలకదు, లేదా మెల్లగా నొక్కినా గట్టిగా అరుస్తుంది. కీ కింద రబ్బరు స్ట్రిప్ ఉంటుంది, అందులో ఒక్కో కీకి రెండు చిన్న నల్ల కార్బన్ చుక్కలు. మొదటిది తగలడానికీ రెండోది తగలడానికీ మధ్య ఎంత సమయం పట్టిందో చూసి, మీరెంత గట్టిగా కొట్టారో కీబోర్డు లెక్కేస్తుంది. ఒక చుక్క మీద దుమ్ము చేరితే ఆ లెక్క తప్పుతుంది. విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు బాగైపోతుంది. దీనికోసం పెట్టెను పార్శిల్ కట్టి హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కి పంపి వారాల తరబడి ఎదురుచూస్తున్నారు. ఊళ్లో డీలరు దగ్గర కొంటే ఆ పంపే బాధ డీలరుదే. రేటులో మిగిలిన రెండు వేలు లారీ పార్శిల్‌కే పోతాయి.

బీట్ మెషిన్, హైదరాబాద్:

డీలరు దగ్గర కొన్నా "సర్వీస్ సెంటర్‌కి మీరే ఫోన్ చేసుకోండి సార్" అన్నవాళ్లని చూశాను నేను. అందరూ కౌంటర్ వెనక గారిలా ఉండరు.

రబ్బరు డాక్టర్:

అదీ నిజమే.

కౌంటర్ వెనక:

ఒక ప్రతిపాదన. మంచి మోడళ్లు ఆరు తెచ్చి స్టాండు మీద పెడతాను. వాయించి చూడటానికి రెండొందలు. నా దగ్గర కొంటే బిల్లులో తగ్గిస్తాను, కొనకపోతే నా కరెంటుకీ కీస్ అరుగుదలకీ. ఎవరైనా వస్తారా, లేక తిట్టుకుంటారా?

జాతర ఆర్కెస్ట్రా, వరంగల్:

మావాళ్లు తిట్టుకుంటారు. షాపులోకి అడుగుపెట్టడానికి టికెట్టా అని. ఎక్స్‌పీఎస్-10 వాయించి చూడటానికి రెండొందలు ఎవడూ ఇవ్వడు, అందరికీ తెలిసిన పెట్టె అది. తెలియని మోడల్‌కి పెట్టండి, అది న్యాయం.

సరిగమ టీచర్:

నా పిల్లల తల్లిదండ్రుల్ని నేను పంపిస్తాను. ముప్పై వేలు తప్పుగా ఖర్చుపెట్టే కంటే రెండొందలు నయం. కానీ కీబోర్డు ఛాతీ ఎత్తు అలమరలో పెట్టి నిలబడి వాయించమంటే కుదరదు. వాయించే ఎత్తులో స్టాండు, ఒక స్టూలు, హెడ్‌ఫోన్స్ ఉండాలి. ఆరింట్లో ఒక్కటైనా 88 కీస్, హ్యామర్ యాక్షన్ (అసలు పియానోలా బరువుగా తగిలే కీస్) ఉండాలి.

గోదారి కీస్:

నేనూ వస్తాను, ఊరు చెబితే. అయినా డెమోకి డబ్బు తీసుకునే పరిస్థితి తెచ్చింది కంపెనీలూ షాపులే, ఆ మాట మీద మాత్రం నేను తగ్గను.

కౌంటర్ వెనక:

మీకు ఊరు మెసేజ్‌లో పంపాను. టీచర్ గారూ, స్టూలు పెడతాను, హెడ్‌ఫోన్స్ కూడా. అడాప్టర్లు మాత్రం కౌంటర్‌లో అడిగి తీసుకోవాలి. ఇప్పటిదాకా పోయినవి చాలు.