21 అంగుళాల పాత టీవీని ఆర్కేడ్ క్యాబినెట్‌లో బిగించాలి: బాడీ విప్పాలా, వద్దా?

ప్రశ్న:
18 ఎంఎం ప్లైవుడ్‌తో నిలబడి వీడియో గేములు ఆడే క్యాబినెట్ చేస్తున్నాను. పక్క పలకలు కోసేశాను, లోపలి వెడల్పు 56 సెం.మీ. టీవీ 21 అంగుళాల పిక్చర్ ట్యూబ్‌ది, వెనక ఏవీ (ఆడియో, వీడియో) సాకెట్లున్నాయి. ప్లాస్టిక్ బాడీతో కలిపి వెడల్పు 59 సెం.మీ., అందుకే పట్టడం లేదు. తెర 20 డిగ్రీలు వెనక్కి వాలాలి. గేములు రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద. బాడీ విప్పితే ట్యూబును దేనికి బిగించాలి?

జవాబు 1:
పక్క పలకలు ఇంకా బిగించకపోతే అడుగు, వెనక పలకలు మార్చి లోపలి వెడల్పు 61 చేయండి. టీవీని బాడీతోనే పెట్టడం అన్నిటికన్నా క్షేమం. తప్పక విప్పాల్సివస్తే మాత్రం ముందు ఇది చదవండి.

ఈ సైజు ట్యూబు ఆనోడ్ (పక్కన రబ్బరు టోపీ కింద హై వోల్టేజ్ వైరు తగిలే చోటు) మీద 20 వేల వోల్టుల పైనే ఉంటుంది. ప్లగ్ పీకాక కూడా ఆ చార్జ్ నిలిచే ఉంటుంది, ఎందుకంటే ట్యూబు గాజే ఒక కెపాసిటర్. పిడికి మంచి ఇన్సులేషన్ ఉన్న సన్నటి స్క్రూడ్రైవర్ తీసుకుని, దాని కడ్డీకి క్లిప్పు వైరు తగిలించండి. రెండో కొసను ట్యూబు వెనక నల్లపూత మీదుగా సాగే అల్లిక తీగకు పెట్టండి. ఒక చేయి వెనక్కి పెట్టుకుని, రబ్బరు టోపీ కిందికి కొసను మెల్లగా జరిపి లోపలి లోహపు క్లిప్పుకు తాకించండి. టప్‌మని చప్పుడు రావచ్చు, రాకపోవచ్చు. పది నిమిషాలాగి మళ్లీ చేయండి, కొంత చార్జ్ తిరిగి పైకొస్తుంది.

జవాబు 2:
పై మాటకు ఒకటి చేర్చాలి. ఆ వైరును అల్లిక తీగకే పెట్టండి, బోర్డు మీద కనబడిన ఏదో గ్రౌండుకు వద్దు. బోర్డులో కరెంటు వైపు గ్రౌండు వేరు, ఏవీ వైపు గ్రౌండు వేరు. తప్పు చోట పెడితే ఆ దెబ్బకు ఐసీలు పోతాయి. కరెంటు వైపు పెద్ద కెపాసిటర్‌లో కూడా 300 వోల్టులకు పైగా ఉంటాయి. దాన్ని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకుండా 2.2 కిలోఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌ను రెండు కాళ్ల మధ్య ఐదారు సెకన్లు పట్టుకుని, మీటరుతో చూసుకోండి.

ఇక బిగింపు. ట్యూబు నాలుగు మూలల్లో ఇనుప చెవులుంటాయి, బాడీకి బిగింపు వాటితోనే. అవి ట్యూబు చుట్టూ ఉన్న ఇనుప పట్టీకి అతికి ఉంటాయి. గాజు పగిలి ముక్కలు ఎగరకుండా కాచేది ఆ పట్టీయే, దానికి రంధ్రం వేయడం, వంచడం, తీసేయడం వద్దు. 18 ఎంఎం ప్లైలో తెర సైజు కిటికీ కోసిన చట్రం చేసి, వెనక నుంచి చెవులు ఆనించి బోల్టు, వెడల్పాటి వాషరు, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగుండి వదులవని నట్టు)తో బిగించండి. కింది రెండు చెవుల కింద అడ్డంగా గట్టి చెక్క వేస్తే బరువు బోల్టుల మీద వేలాడదు. ఎండీఎఫ్‌లో చెక్క స్క్రూలు ఈ బరువుకు కొన్నాళ్లకు ఊడివస్తాయి.

ట్యూబు బరువంతా ముందరి మందపాటి గాజులోనే ఉంటుంది. అందుకే వాల్చినా క్యాబినెట్ ముందుకు తూలే ప్రమాదం ఉంది, అడుగు ముందుకు చాలినంత సాచాలి. ఎత్తేటప్పుడు ట్యూబు వెనక సన్నబడే మెడ పట్టుకోకండి. మెడ సన్నటి గాజు, అది చిట్లితే గాలి దూరి ట్యూబు పని అయిపోయినట్టే. మెడ కొస వెనక కనీసం 5 సెం.మీ. ఖాళీ వదలండి.

జవాబు 3:
సిగ్నల్ గురించి. రాస్ప్‌బెర్రీ పై 3లో 3.5 ఎంఎం జాక్‌లోనే వీడియో వస్తుంది. కొస నుంచి వరసగా ఎడమ ఆడియో, కుడి ఆడియో, గ్రౌండు, వీడియో. చాలా క్యామ్‌కార్డర్ కేబుళ్లలో ఈ వరస వేరుగా ఉంటుంది, అందుకే బొమ్మ రాదు. పాత గ్రాఫిక్స్ డ్రైవర్ ఉన్న ఓఎస్ అయితే కాన్ఫిగ్ ఫైల్‌లో ఎస్‌డీటీవీ_మోడ్ (sdtv_mode) విలువ 16 పెట్టండి. అప్పుడు 60 హెర్ట్‌జ్ ప్రోగ్రెసివ్ (గీతలన్నీ ఒకేసారి గీసే) బొమ్మ వస్తుంది, అక్షరాల అంచులు వణకవు. రంగు పోయి నలుపు తెలుపు వస్తే టీవీ ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) రంగును చదవడం లేదని అర్థం. 18 (పాల్ పద్ధతి) పెట్టండి, కానీ అది 50 హెర్ట్‌జ్, కదలిక కుదుపుగా ఉంటుంది. హెచ్‌డీఎంఐ వైరు తగిలించి ఉంటే ఏవీ ఆగిపోతుంది. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే డబ్బాల జోలికి పోకండి, బటన్ నొక్కాక బొమ్మ కాస్త ఆలస్యంగా కదిలినట్టుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ, బిగించాను. బొమ్మ వచ్చింది, కానీ ఎడమ కింది మూల ఆకుపచ్చగా మచ్చ పడుతోంది. స్పీకర్లు తెర కిందే ఉన్నాయి.

జవాబు 2:
స్పీకర్ అయస్కాంతమే. స్పీకర్లను పై పలకలోకి మార్చండి, లేదా టీవీలోవే వాడండి, అవి దీనికోసమే షీల్డ్ చేసి ఉంటాయి. తర్వాత స్టాండ్‌బై కాకుండా కరెంటే ఆపి 20 నిమిషాలు వదిలి ఆన్ చేయండి. ఆన్ చేసినప్పుడు తెర మీది అయస్కాంత ప్రభావాన్ని తుడిచేది డీగాస్ కాయిల్; దానికి కరెంటిచ్చే పీటీసీ (వేడెక్కితే కరెంటు తగ్గించే భాగం) చల్లారితేనే అది మళ్లీ పనిచేస్తుంది. రెండు మూడుసార్లలో మచ్చ పోవాలి. ట్యూబు చుట్టూ ఉండే ఆ నల్ల టేపు కాయిల్‌ను విప్పినప్పుడు తీసేసి ఉంటే, మళ్లీ అదే చోట కట్టండి.